ఇంటి లోషన్లలో ఎమల్సీకరణ కారకాలు, చిక్కబరిచే పదార్థాలు

ఇంటి లోషన్ అనగా నూనె, నీరు, మరికొన్ని పదార్థాలను ఉపయోగించి ఇంటివద్దనే తయారుచేసుకొనే పలుచని చర్మలేపనం. నూనె, నీరు వాటంతట అవి కలిసి ఉండవు. వీటిని విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాన్ని ఎమల్సీకరణ కారకం లేదా ఎమల్సిఫయర్ అంటారు. లేపనానికి తగిన చిక్కదనాన్ని ఇచ్చేవాటిని చిక్కబరిచే పదార్థాలు అంటారు. ఈ రెండింటి పనులు వేరువేరు. చిక్కగా ఉన్న ప్రతి లేపనమూ స్థిరంగా ఉండదు. స్థిరంగా ఉన్న ప్రతి లేపనమూ చిక్కగా ఉండనవసరం లేదు. ఇంటివద్ద తయారుచేసిన లోషన్లు కొద్దిరోజులలోనే విరిగిపోవడానికి ఒక ముఖ్యకారణం ఒకదాని పనిని మరొకదానికి అప్పగించడం. విరిగిన లోషన్ వలన నష్టం పదార్థాలు వృథా కావడంతో ఆగదు. నీరు విడిపడిన లేపనంలో నిల్వకారకం అన్నిచోట్లా సమానంగా ఉండకపోవచ్చును. అట్టి లేపనంలో సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం కలదు.

లోషన్ నిర్మాణం

ఒకదానిలో ఒకటి కరగని రెండు ద్రవాలలో ఒకటి సూక్ష్మమైన బిందువులుగా మరొకదానిలో వ్యాపించి ఉంటే దానిని ఎమల్షన్ అంటారు. బిందువులుగా ఉన్న ద్రవాన్ని విక్షిప్త ప్రావస్థ అనీ, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని విక్షేపణ యానకం అనీ అంటారు. ఎమల్షన్లు ముఖ్యంగా రెండు రకాలు.

1. నీటిలో నూనె రకం: నీరు యానకంగా ఉండి, నూనె బిందువులుగా ఉంటుంది. పాలు ఇందుకు ఉదాహరణ. సాధారణంగా వాడే లోషన్లలో అధికభాగం ఈ రకానివే. ఇవి చర్మంలో త్వరగా ఇంకుతాయి, జిడ్డు తక్కువ, నీటితో సులభంగా కడుక్కోవచ్చును.

2. నూనెలో నీరు రకం: నూనె యానకంగా ఉండి, నీరు బిందువులుగా ఉంటుంది. వెన్న ఇందుకు ఉదాహరణ. కోల్డ్ క్రీములలో చాలావరకు ఈ రకానికి చెందుతాయి. ఇవి జిడ్డుగా ఉంటాయి; చర్మంలోని తేమ ఆవిరి కాకుండా ఎక్కువసేపు కాపాడతాయి.

ఒక లేపనం ఏ రకానిదో తెలుసుకొనుటకు దానిని కొద్దిగా నీటిలో వేసి కలిపి చూడవచ్చును. నీటిలో నూనె రకమైనచో పాలవలె కలిసిపోతుంది. నూనెలో నీరు రకమైనచో ముద్దలుగా తేలుతుంది.

చరిత్ర

క్రీస్తుశకం 2వ శతాబ్దంలో రోమునగరంలో నివసించిన గ్రీకు వైద్యుడు గాలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబినీరు కలిపి ఒక లేపనాన్ని తయారుచేసినట్లు చెబుతారు. ఇందులోని నీరు చర్మంపై ఆవిరవుతూ చల్లదనాన్ని ఇస్తుంది కావున ఈ తరహా లేపనాలకు కోల్డ్ క్రీము అను పేరు వచ్చినది. ఇందులో నిజమైన ఎమల్సీకరణ కారకం లేనందున నీరు త్వరగా విడిపోయేది. తరువాతి కాలంలో దీనికి బోరాక్సు చేర్చారు. తేనెమైనంలోని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలతో బోరాక్సు చర్య జరిపి ఒకరకమైన సబ్బును ఏర్పరుస్తుంది. ఆ సబ్బే ఎమల్సీకరణ కారకంగా పనిచేస్తుంది.

భారతీయ ఆయుర్వేదంలో శతధౌత ఘృతము అనే లేపనం కలదు. రాగిపాత్రలో నేతిని నీటితో నూరుసార్లు మర్దించి కడిగి దీనిని తయారుచేస్తారు. ప్రత్యేకమైన ఎమల్సీకరణ కారకం ఏదీ చేర్చకుండానే, కేవలం మర్దనం వలన నేతిలో నీరు సూక్ష్మంగా చేరి తెల్లని మెత్తని లేపనం ఏర్పడుతుంది.

19వ శతాబ్దం చివరినాటికి స్టియరిక్ ఆమ్లాన్ని క్షారంతో పాక్షికంగా సబ్బుగా మార్చి తయారుచేసే వానిషింగ్ క్రీములు వాడుకలోకి వచ్చినవి. మంచువలె తెల్లగా ఉండుటచేత వీటికి స్నో అను పేరు స్థిరపడింది. 1919లో బొంబాయిలో ఇ.ఎస్. పాటన్‌వాలా అఫ్గాన్ స్నోను ప్రవేశపెట్టాడు. ముఖానికి పూసుకొనే తెల్లని క్రీమును తెలుగునాట స్నో అని పిలవడం చాలాకాలం సాగినది.

1911లో జర్మనీలోని హాంబర్గు నగరానికి చెందిన బయర్స్‌డార్ఫ్ సంస్థ నివియా క్రీమును విడుదల చేసింది. ఐజాక్ లిఫ్‌షూట్జ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గొర్రెల ఉన్నినుండి లభించే కొవ్వునుండి వేరుచేసిన యూసెరిట్ అనే ఎమల్సీకరణ కారకం దీనికి ఆధారం. ఇది నూనెలో నీరు రకానికి చెందిన స్థిరమైన క్రీము.

ఎమల్సీకరణ కారకం పనిచేసే విధానం

ఎమల్సీకరణ కారకపు అణువుకు రెండు కొనలు ఉంటాయి. ఒక కొన నీటిని ఇష్టపడుతుంది. దీనిని జలప్రియ భాగం అంటారు. రెండవ కొన నూనెను ఇష్టపడుతుంది. దీనిని నూనెప్రియ భాగం అంటారు. నూనె, నీరు కలిసేచోట ఈ అణువులు వరుసగా చేరి, ఒక కొనను నూనెలోనూ, రెండవ కొనను నీటిలోనూ ఉంచుతాయి. దీనివలన రెండు ద్రవాల మధ్యనున్న తన్యత తగ్గి, నూనె చిన్నచిన్న బిందువులుగా విడిపోవడం సులభమవుతుంది. బిందువుల చుట్టూ ఏర్పడిన ఈ పొర అవి తిరిగి ఒకదానితోనొకటి కలిసిపోకుండా అడ్డుకుంటుంది.

ఎమల్సీకరణ కారకం ఏ ద్రవంలో ఎక్కువగా కరుగుతుందో ఆ ద్రవమే సాధారణంగా యానకం అవుతుంది. దీనిని 1913లో వైల్డర్ బాంక్రాఫ్ట్ సూత్రీకరించాడు కాబట్టి బాంక్రాఫ్ట్ నియమం అంటారు. కావున పలుచని, జిడ్డులేని లోషన్ కావాలనుకొన్నప్పుడు నీటిలో ఎక్కువగా కరిగే ఎమల్సీకరణ కారకాన్ని ఎంచుకోవాలి.

ఎమల్సీకరణ కారకాల రకాలు

విద్యుదావేశాన్ని బట్టి వీటిని ముఖ్యంగా మూడు తరగతులుగా విభజిస్తారు. వేరొక పదార్థంతో పొసగుతుందా, లేదా అనేది చాలావరకు ఈ ఆవేశంపైనే ఆధారపడి ఉంటుంది.

ఋణావేశ కారకాలు: స్టియరిక్ ఆమ్లాన్ని ట్రైఇథనోలమిన్‌తో గానీ, పొటాషియం హైడ్రాక్సైడుతో గానీ చర్య జరిపించగా వచ్చే సబ్బులు, సోడియం లారిల్ సల్ఫేటు, సోడియం స్టియరాయిల్ లాక్టిలేటు ఈ తరగతికి చెందుతాయి. సబ్బు రకానికి చెందినవి చవక, కానీ వాటితో చేసిన లోషన్ క్షారస్వభావం కలిగి ఉంటుంది. నిమ్మరసంవంటి ఆమ్లాలు చేర్చినచో సబ్బు తిరిగి కొవ్వు ఆమ్లంగా మారి లోషన్ విరిగిపోతుంది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం అయానులు కూడా సబ్బును అవక్షేపంగా మారుస్తాయి. సబ్బు నురగ రాని బోరునీటితో ఈ రకపు లోషన్ చేయరాదు, స్వేదనజలమే వాడాలి.

ధనావేశ కారకాలు: బిహెన్‌ట్రైమోనియం మీథోసల్ఫేటు ఇందుకు ఉదాహరణ. జుట్టు, చర్మం ఉపరితలాలపై ఋణావేశం ఉండుటచేత ఇవి వాటికి అంటుకొని నునుపుదనాన్ని ఇస్తాయి. తలకు వాడే కండిషనర్లలో వీటి వాడకం ఎక్కువ.

ఆవేశరహిత కారకాలు: సార్బిటాన్ ఎస్టర్లు, పాలీసార్బేటులు, గ్లిజరైల్ మోనోస్టియరేటు, పెగ్-100 స్టియరేటు, ఆలివ్ నూనెనుండి తయారయ్యే సెటియరైల్ ఆలివేటు–సార్బిటాన్ ఆలివేటు మిశ్రమం ఈ తరగతిలోనివి. లవణాలు, కఠినజలం, స్వల్పమైన ఆమ్లత్వం వీటిని అంతగా బాధించవు. ఇంటి తయారీకి కొత్తవారు ఈ తరగతినుండి ఎంచుకొనడం మేలు.

వీటికితోడు ప్రకృతిలో లభించే లెసిథిన్ కలదు. ఫ్రెంచి ఔషధ శాస్త్రజ్ఞుడు థియోడోర్ గోబ్లే 1845లో కోడిగ్రుడ్డు పచ్చసొననుండి దీనిని వేరుచేసి, 1850లో లెసిథిన్ అని పేరుపెట్టాడు. నేడు అధికంగా సోయాచిక్కుడు నూనెనుండి లభిస్తుంది. లెసిథిన్ ఒక్కదానితో చేసిన లోషన్ కొంత జిగటగా ఉంటుంది, త్వరగా విడిపోతుంది. కనుక దీనిని సహాయక కారకంగా వాడడం మంచిది. అరబిక్ బంక కూడా ఎమల్సీకరణ గుణం కలదే. ఫార్మసీ విద్యార్థులు నూనె 4, నీరు 2, బంక 1 భాగాలుగా కలిపి ప్రాథమిక ఎమల్షన్ తయారుచేసే పద్ధతిని ప్రయోగశాలలో నేర్చుకుంటారు.

ఒకే పేరు, రెండు పదార్థాలు

ఎమల్సిఫయింగ్ వాక్స్ అను పేరుతో కనీసం రెండు భిన్నమైన పదార్థాలు అమ్ముడవుతున్నవి. అమెరికా నేషనల్ ఫార్ములరీ ప్రకారం తయారైనది సెటోస్టియరైల్ ఆల్కహాలు, పాలీసార్బేటు తరహా ఆవేశరహిత కారకాల మిశ్రమం. బ్రిటిష్ ఫార్మకోపియా ప్రకారం తయారైనది సెటోస్టియరైల్ ఆల్కహాలు 9 భాగాలు, సోడియం లారిల్ సల్ఫేటు 1 భాగం గల ఋణావేశ మిశ్రమం. చూచుటకు రెండూ తెల్లని మైనంవలెనే ఉంటాయి.

ఈ తేడా చర్మానికి సంబంధించినంతవరకు చాలా ముఖ్యమైనది. బ్రిటిష్ పద్ధతి మైనంతో తయారయ్యే ఆక్వియస్ క్రీములో సుమారు 1 శాతం సోడియం లారిల్ సల్ఫేటు ఉంటుంది. దీనిని చర్మంపై పూసి అలాగే వదిలివేసినప్పుడు, ముఖ్యంగా ఎగ్జిమా గల పిల్లలలో, మంట, దురద, ఎర్రదనం కలుగవచ్చునని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో హెచ్చరించింది. చర్మాన్ని మృదువుగా ఉంచుటకు పూసే లేపనమే చర్మరక్షణను బలహీనపరచగలదన్నమాట. కావున మైనం కొనునపుడు పొట్లంపైనున్న పేరును మాత్రమే గాక అందులోని అంశాల జాబితాను తప్పక చదవాలి.

హెచ్‌ఎల్‌బీ విలువ

ఎమల్సీకరణ కారకంలో జలప్రియ, నూనెప్రియ భాగాల మధ్యగల తుల్యతను తెలిపే సంఖ్యను హెచ్‌ఎల్‌బీ విలువ అంటారు. అమెరికాలోని అట్లాస్ పౌడర్ కంపెనీలో పనిచేసిన విలియం గ్రిఫిన్ 1949లో దీనిని ప్రతిపాదించాడు. ఆవేశరహిత కారకాలకు ఇది 0 నుండి 20 వరకు ఉంటుంది. విలువ పెరిగేకొద్దీ నీటిపై ప్రీతి పెరుగుతుంది. సుమారు 3 నుండి 6 వరకు విలువ గలవి నూనెలో నీరు రకానికి, 8 నుండి 18 వరకు గలవి నీటిలో నూనె రకానికి అనువైనవి.

కొన్ని కారకాల హెచ్‌ఎల్‌బీ విలువలు:
* గ్లిజరైల్ మోనోస్టియరేటు – 3.8
* సార్బిటాన్ మోనోఓలియేటు (స్పాన్ 80) – 4.3
* సార్బిటాన్ మోనోస్టియరేటు (స్పాన్ 60) – 4.7
* పాలీసార్బేటు 60 (ట్వీన్ 60) – 14.9
* పాలీసార్బేటు 80 (ట్వీన్ 80) – 15.0
* పాలీసార్బేటు 20 (ట్వీన్ 20) – 16.7

అదేవిధంగా ప్రతి నూనెకూ, నీటిలో నూనె రకపు ఎమల్షన్‌గా మారుటకు అవసరమైన విలువ ఒకటి ఉంటుంది. నువ్వులనూనెకు, పొద్దుతిరుగుడు నూనెకు సుమారు 7, కొబ్బరినూనెకు సుమారు 8, ఆముదానికి సుమారు 14గా పట్టికలలో చూపుతారు. నూనె స్వచ్ఛతనుబట్టి ఈ విలువలు కొంత మారుతుంటాయి.

లెక్కించే విధానం: 15 గ్రాముల నువ్వులనూనె, 5 గ్రాముల కొబ్బరినూనె కలిపిన మిశ్రమాన్ని తీసుకొందాం. నువ్వులనూనె నాలుగింట మూడువంతులు, కొబ్బరినూనె ఒకవంతు. కనుక అవసరమైన విలువ (0.75 × 7) + (0.25 × 8) = 7.25. స్పాన్ 80, ట్వీన్ 80 లను కలిపి ఈ విలువను పొందాలంటే, ట్వీన్ వంతు (7.25 – 4.3) ÷ (15.0 – 4.3) = 0.276. అనగా మొత్తం 4 గ్రాముల కారకంలో సుమారు 1.1 గ్రాములు ట్వీన్ 80, 2.9 గ్రాములు స్పాన్ 80 ఉండాలి.

ఇప్పుడు నువ్వులనూనెలో 5 గ్రాములు తగ్గించి, వాటి స్థానంలో ఆముదం చేర్చినచో అవసరమైన విలువ (0.5 × 7) + (0.25 × 8) + (0.25 × 14) = 9.0 అవుతుంది. అప్పుడు ట్వీన్ వంతు 0.44కు పెరుగుతుంది. నూనె మార్చి కారకాన్ని మార్చకపోతే, నిన్నటివరకు బాగున్న లోషన్ నేడు విరిగిపోవడానికి కారణం ఇదే. ఎమల్సిఫయింగ్ వాక్స్ వంటి సిద్ధమిశ్రమాలలో ఈ లెక్క అంత కచ్చితంగా అవసరం ఉండదు. అవి విస్తృతమైన నూనెలకు సరిపడేట్లు రూపొందించబడినవి.

హెచ్‌ఎల్‌బీ పద్ధతికి పరిమితులు కూడా కలవు. ఏ కారకం ఎంత పరిమాణంలో కావాలో ఇది చెప్పదు. ఉష్ణోగ్రత, లవణాల ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోదు. సబ్బుల వంటి ఆవేశం గల కారకాలకు గ్రిఫిన్ సూత్రం నేరుగా వర్తించదు. కనుక లెక్కద్వారా వచ్చిన విలువను ఆరంభబిందువుగా తీసుకొని, కొద్ది తేడాలతో రెండుమూడు నమూనాలను చేసి పరీక్షించాలి.

చిక్కబరిచే పదార్థాలు

ఇవి నూనె భాగంలో కరిగేవి, నీటి భాగంలో కరిగేవి లేదా ఉబ్బేవి అని రెండు తరగతులు.

నూనె భాగానికి చెందినవి

సెటైల్ ఆల్కహాలు: ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ 1817లో తిమింగలపు తలనుండి లభించే స్పర్మసెటి అనే మైనంనుండి దీనిని కనుగొన్నాడు. నేడు తాటిజాతి నూనెలనుండి తయారుచేస్తున్నారు. దీనిపేరులో ఆల్కహాలు అని ఉన్నా ఇది మద్యసారం వంటిది కాదు. సుమారు 49 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగే తెల్లని ఘనపదార్థం. లోషన్లలో 1 నుండి 4 శాతం వరకు వాడతారు. మృదువైన స్పర్శను ఇస్తుంది. ఎమల్సీకరణ కారకంతో కలిసి నీటిలో పొరలుపొరలుగా వలవంటి నిర్మాణాన్ని ఏర్పరచి లోషన్‌ను చిక్కబరుస్తుంది. ఈ నిర్మాణం పూర్తి కావడానికి ఒకటిరెండు రోజులు పడుతుంది. కనుక చేసిన వెంటనే పలుచగా ఉన్నదని మరికొంత చేర్చరాదు.

స్టియరిక్ ఆమ్లం: సుమారు 69 డిగ్రీల వద్ద కరుగుతుంది. సెటైల్ ఆల్కహాలుకంటె గట్టిదనాన్ని ఇస్తుంది. ఎక్కువైనచో పూసుకొనేటప్పుడు తెల్లని చారలు కనిపిస్తాయి.

తేనెమైనం: 62 నుండి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది. లేపనానికి బిగువునిస్తుంది. ఇది కేవలం చిక్కబరిచే పదార్థం మాత్రమే; బోరాక్సు వంటి క్షారం లేనిదే ఎమల్సీకరణ కారకంగా పనిచేయదు.

వృక్షసంబంధ కొవ్వులు: కోకో వెన్న, షియా వెన్న, కోకమ్ వెన్న, మామిడిపిక్క కొవ్వు మొదలగునవి. కోకో వెన్న 34 నుండి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. కనుక కేవలం కోకో వెన్నపై ఆధారపడి చలికాలంలో చిక్కగా కనిపించిన లోషన్ మే నెలలో పలుచబడుతుంది. మన ప్రాంతంలో సెటైల్ ఆల్కహాలు, తేనెమైనం వంటి అధిక ద్రవీభవన స్థానం గలవాటిని జతచేయుట అవసరం. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దనే కరుగుతుంది కాబట్టి దానిని చిక్కదనం కొరకు లెక్కలోనికి తీసుకోరాదు.

నీటి భాగానికి చెందినవి

జాంథాన్ బంక: జాంథోమోనాస్ కాంపెస్ట్రిస్ అనే బాక్టీరియా చక్కెరను పులియబెట్టుట ద్వారా లభిస్తుంది. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన పియోరియా ప్రయోగశాలలో అలీన్ జీన్స్ బృందం దీనిని కనుగొన్నది. 1969లో అమెరికాలో ఆహారంలో వాడకానికి అనుమతి లభించింది. లోషన్లలో 0.2 నుండి 0.5 శాతం చాలును. ఎక్కువైనచో తీగలు సాగుతూ జిగటగా ఉంటుంది. ఇది ఋణావేశం గలది.

గోరుచిక్కుడు బంక: గోరుచిక్కుడు గింజలనుండి లభిస్తుంది, దీనినే గ్వార్ గమ్ అంటారు. ఈ పంటలో భారతదేశం ప్రపంచంలో మొదటిస్థానంలోనూ, రాష్ట్రాలలో రాజస్థాన్ మొదటిస్థానంలోనూ ఉన్నవి. దీనికి ఆవేశం లేదు. కావున ధనావేశ కారకాలతోకూడా వాడవచ్చును.

తపసి బంక: తపసి చెట్టునుండి లభిస్తుంది, కరాయ గమ్ అని కూడా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లోని గిరిజనులు అడవులలో దీనిని సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారినుండి కొనుగోలు చేస్తుంది. ఇది నీటిలో పూర్తిగా కరగదు, ఉబ్బుతుంది. కొద్దిగా పుల్లని వాసన ఉండుటవలన లోషన్లలో వాడకం పరిమితం.

కార్బొమర్: కృత్రిమమైన ఆక్రిలిక్ ఆమ్ల పాలిమరు. నీటిలో కలిపినప్పుడు ఆమ్లంగా, పలుచగా ఉంటుంది. క్షారాన్ని చేర్చి తటస్థీకరించినప్పుడు మాత్రమే చిక్కబడుతుంది. లవణాలు తగిలితే తిరిగి పలుచబడుతుంది.

హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజు: సెల్యులోజునుండి తయారయ్యే ఆవేశరహిత పదార్థం. లవణాలను చాలావరకు తట్టుకుంటుంది.

బంకల పొడిని నేరుగా నీటిలో చల్లినచో ఉండలు కడుతుంది. ముందుగా గ్లిజరిన్‌లో కలిపి, పిమ్మట నీటిలో పోసి కలిపినచో ఉండలు కట్టదు.

చిక్కదనానికి, స్థిరత్వానికి గల తేడా

నూనె బిందువులు నీటికంటె తేలికైనవి కనుక పైకి తేలుతాయి. పాలపై మీగడ చేరడం వంటిదే ఇది. బిందువులు కదిలే వేగాన్ని స్టోక్స్ సూత్రం తెలుపుతుంది. దీనిప్రకారం వేగం బిందువు వ్యాసార్థపు వర్గానికి అనులోమానుపాతంలోనూ, యానకపు స్నిగ్ధతకు విలోమానుపాతంలోనూ ఉంటుంది. అనగా స్నిగ్ధతను రెట్టింపు చేస్తే వేగం సగమవుతుంది; బిందువు వ్యాసార్థాన్ని సగం చేస్తే వేగం నాలుగోవంతు అవుతుంది. చిక్కబరిచే పదార్థం స్నిగ్ధతను పెంచుతుంది. బిందువులను చిన్నవిగా ఉంచేది ఎమల్సీకరణ కారకం, బాగా చిలకడం.

బిందువులు పైకి తేలినా వాటి చుట్టూ పొర చెదరకపోతే, కుదిపినప్పుడు లోషన్ తిరిగి యథాస్థితికి వస్తుంది. కానీ పొర బలహీనమై బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతే నూనె పూర్తిగా వేరుపడుతుంది; దానిని కుదిపి బాగుచేయలేము. ఎమల్సీకరణ కారకం చాలని లోషన్‌లో జాంథాన్ బంకను పెంచినచో విరుగుట ఆలస్యమవుతుంది, కానీ ఆగదు. అప్పటికి లోషన్ వాడుకలో ఉంటుంది. లోపం కంటికి కనబడదు. విరుగుతున్న లోషన్‌ను చిక్కబరచుట లోపాన్ని సరిదిద్దుట కాదు, మరుగుపరచుట మాత్రమే.

పొసగని జంటలు

* ధనావేశ ఎమల్సీకరణ కారకంతో జాంథాన్ బంక, కార్బొమర్ వంటి ఋణావేశ పదార్థాలు కలిపినచో ముద్దలు కడతాయి.
* గోరుచిక్కుడు బంకను బోరాక్సుతో కలిపినచో క్షారమాధ్యమంలో సాగే జెల్లీవలె గట్టిపడుతుంది.
* సోడియం బెంజోయేటు, పొటాషియం సోర్బేటు వంటి నిల్వకారకాలు ఆమ్లమాధ్యమంలోనే పనిచేస్తాయి. కనుక సబ్బు రకపు కారకాలతో ఇవి నిష్ఫలం.
* పారాబెన్లను పాలీసార్బేటుల వంటి ఆవేశరహిత కారకాలు తమలో ఇముడ్చుకొని వాటి శక్తిని తగ్గిస్తాయి.
* కలబంద రసం, సోడియం లాక్టేటు వంటి లవణాలు గల పదార్థాలు కార్బొమర్‌ను పలుచబరుస్తాయి.

తయారీ విధానం

100 గ్రాముల సాధారణ లోషన్‌కు ఒక ఉదాహరణ:

నూనె భాగం
* నువ్వులనూనె – 10 గ్రా.
* కొబ్బరినూనె – 4 గ్రా.
* ఆవేశరహిత ఎమల్సిఫయింగ్ వాక్స్ – 5 గ్రా.
* సెటైల్ ఆల్కహాలు – 2 గ్రా.

నీటి భాగం
* స్వేదనజలం – 74.7 గ్రా.
* గ్లిజరిన్ – 3 గ్రా.
* జాంథాన్ బంక – 0.3 గ్రా.

చల్లారిన తరువాత
* ఫినాక్సీఇథనాల్ ఆధారిత నిల్వకారకం – 1 గ్రా. లేదా తయారీదారు సూచించిన పరిమాణం

పదార్థాలను చెంచాలతో గాక తూకంతో కొలవాలి. జాంథాన్ బంకను గ్లిజరిన్‌లో కలిపి స్వేదనజలంలో పోయాలి. నూనె భాగాన్ని, నీటి భాగాన్ని వేరువేరు పాత్రలలో, వేడినీటిలో ఉంచి 70 నుండి 75 డిగ్రీల వరకు వేడిచేయాలి. రెండూ ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉన్నప్పుడు కలపాలి. నీరు చల్లగా ఉన్నచో మైనం బిందువులుగా మారకముందే గడ్డకడుతుంది. కొద్ది నిమిషాలు వేగంగా చిలికి, తరువాత చల్లారువరకు నెమ్మదిగా కలుపుతూ ఉండాలి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు దిగువకు వచ్చిన పిమ్మట నిల్వకారకాన్ని, కావలసినచో సువాసనను చేర్చాలి. వేడిచేయునపుడు ఆవిరైపోయిన నీటిని తిరిగి తూచి చేర్చాలి.

చిక్కదనం పెంచదలచినచో సెటైల్ ఆల్కహాలును ఒక శాతం చొప్పున పెంచి, ఆమేరకు నీటిని తగ్గించాలి. నూనె శాతం పెంచినప్పుడు ఎమల్సిఫయింగ్ వాక్స్‌ను కూడా పెంచాలి. సాధారణంగా ఇది నూనె భాగంలో నాలుగోవంతు లేదా ఐదోవంతు ఉండాలి.

లోపాలు – కారణాలు

* పైన నూనె తేలుట: ఎమల్సీకరణ కారకం చాలలేదు, లేదా నూనెకు తగినది కాదు.
* అడుగున నీరు చేరుట: నీటి భాగం పలుచగా ఉన్నది, లేదా చిలకడం చాలలేదు.
* రవ్వవలె గరుకుగా ఉండుట: మైనం పూర్తిగా కరగలేదు, లేదా కలిపేటప్పుడు ఉష్ణోగ్రతలు సమానంగా లేవు.
* పూసుకొన్నప్పుడు తెల్లగా నురగవలె కనిపించుట: మైనం, కొవ్వు ఆల్కహాలు ఎక్కువైనవి.
* తీగలు సాగుట: బంక ఎక్కువైనది.
* వాసన, రంగు మారుట, మచ్చలు కనిపించుట: సూక్ష్మజీవులు చేరినవి, లేదా నూనె మక్కినది. పారవేయాలి.

స్థిరత్వాన్ని పరీక్షించుటకు కొద్ది లోషన్‌ను మూతగల సీసాలో వేడిప్రదేశంలోనూ, మరికొంత ఫ్రిజ్‌లోనూ ఉంచి, కొన్ని వారాలపాటు పోల్చి చూడాలి. ప్రయోగశాలలలో 40 నుండి 45 డిగ్రీల వద్ద నిల్వ ఉంచి పరీక్షిస్తారు.

నిల్వ, జాగ్రత్తలు

నీరు ఉన్న ప్రతి లోషన్‌లోనూ బాక్టీరియా, బూజు పెరగగలవు. సహజసిద్ధమైన బంకలు వాటికి ఆహారమవుతాయి. సూడోమోనాస్ ఏరుజినోసా వంటి బాక్టీరియా కంటికి ఏ మార్పూ కనబడకుండానే లోషన్లలో పెరగగలదు. గాయాలు, కాలిన పుండ్లు ఉన్నవారికి, చంటిపిల్లలకు, రోగనిరోధకశక్తి తగ్గినవారికి ఇది ప్రమాదకరం. అట్టివారికి ఇంటి లోషన్లు వాడకపోవడమే మంచిది.

విటమిన్ ఇ నిల్వకారకం కాదు. అది నూనె మక్కకుండా మాత్రమే కాపాడుతుంది. సువాసన తైలాలు కూడా నిల్వకారకానికి ప్రత్యామ్నాయం కావు. బోరాక్సును ఐరోపా సమాఖ్య ప్రత్యుత్పత్తికి హాని కలిగించగల పదార్థంగా వర్గీకరించింది. ఆధునిక కారకాలు లభిస్తున్నందున ఇంటి తయారీలో దాని అవసరం లేదు. కొత్తగా చేసిన ఏ లోషన్‌నైనా ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా పూసి ఒకరోజు గమనించాలి.

స్వంత వాడకానికి చేసుకొనుట వేరు, అమ్మకానికి చేయుట వేరు. భారతదేశంలో అమ్మకం కొరకు సౌందర్య సాధనాలు తయారుచేయుటకు 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం లైసెన్సు పొందవలెను.

అపోహలు

* తేనెమైనం ఎమల్సీకరణ కారకం అనుకొనుట సరికాదు. కొవ్వొత్తి మైనం అంతకంటె తగదు.
* గ్లిజరిన్ నూనెను, నీటిని కలపదు. అది తేమను పట్టి ఉంచే పదార్థం మాత్రమే.
* కలబంద గుజ్జులో నూనె చిలికినచో తాత్కాలికంగా కలిసినట్లు కనిపిస్తుంది, స్థిరంగా ఉండదు.
* ఎమల్సీకరణ కారకం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుట పొరపాటు. మితిమీరినచో చర్మపు సహజమైన కొవ్వును తొలగించి పొడిబారునట్లు చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

* ఎమల్షన్
* తలతన్యత
* సబ్బు
* నువ్వుల నూనె
* కొబ్బరి నూనె
* గోరుచిక్కుడు